నీళ్ళ పంపు రింగులు

మా ఆయనకు నాకంటే స్పానర్ల మీద మర్యాద ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో ఒక స్పానరుతో కొబ్బరికాయ కొట్టానని రెండు పూటలు నాతో మాట్లాడలేదు, మహానుభావుడు. ఆయన పనిముట్లన్నీ వెనక వరండా గోడకు సైజుల వారీగా వేలాడుతుంటాయి. ఇంట్లో పోపులడబ్బా ఎక్కడుంటుందో మాత్రం ఈనాటికీ తెలియదు.

భీమశంకరరావు అంటే ఉక్కునగరంలో మా సెక్టారులో తెలియనివాళ్ళు లేరు. స్టీలు ప్లాంటు పంపుహౌస్‌లో ఫిట్టరు. ఎవరింట్లో మిక్సీ ఆగినా, ఎవరి మోటారు తిరగకపోయినా "బావ ఉన్నాడేటమ్మా?" అంటూ మా గేటు చప్పుడవుతుంది. వెళ్తాడు, చతికిలపడి కూర్చుంటాడు, మూత తీస్తాడు. "ఎవుడ్రా దీన్ని ముందర ఇప్పినోడు?" అని ఒక తిట్టు తిడతాడు. ఆ తరవాతే పని మొదలు. తనకంటే ముందు చెయ్యి పెట్టినవాడు ఎవడైనా సరే, ఆయన దృష్టిలో వెధవ. నాకు నవ్వొచ్చేది. పనిమంతులకు ఉండే ఊతపదం లెమ్మనుకునేదాన్ని. దాని వెనక ఏముందో మా కారు పాడయ్యేదాకా నాకు తెలియలేదు.

ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉంది. ప్లాంటు సామాను తప్ప లోకంలో మరేదీ సామాను కాదు. బజార్లో కొన్న బోల్టు చూపిస్తే "ఇదేటి, బోల్టా బిస్కట్టా?" అంటాడు. డ్యూటీ దిగి వచ్చిన రోజు చొక్కా ఉతుకుదామని జేబులో చెయ్యి పెడితే ఒక వాషరో, ఒక నట్టో, కాస్త దూది పీచో తగులుతుంది. "పారేసిందే కదే, ఎవుడికి కావాలి?" అంటాడు. మా కాలనీలో ఆ మాట మా ఇంట్లోనే కాదు, చాలా ఇళ్ళలో వినపడుతుంది. అందుకే నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇక జాన్‌బాబు. పంపుహౌస్‌లో మా ఆయన పక్కనే పని చేస్తాడు, మా వెనక లైన్లోనే క్వార్టరు. వాళ్ళ దేవుడు వేరు, మా దేవుడు వేరు. అయినా వీళ్ళిద్దరూ పొద్దున లేస్తే బావా అంటే బావా. ఆ లెక్కన జాన్‌బాబు నాకు అన్నయ్య, ఆయన భార్య కేథరిన్ నాకు వదిన. మా ఆయనకు కేథరిన్ చెల్లెమ్మ. మా ఇంట్లో పులిహోర కలిపితే సగం అటు వెళ్తుంది, క్రిస్మస్‌కు వాళ్ళ కేకు సగం ఇటు వస్తుంది.

అన్నయ్య మాటకారి కాదు. ఆయన సంతోషమంతా వాళ్ళ చర్చి వేన్‌లో ఉంది. ఆదివారం పొద్దున్నే దాన్ని కడిగి, తుడిచి, చుట్టుపక్కల కాలనీలన్నీ తిరిగి పిల్లల్ని సండే స్కూలుకు తీసుకెళ్తాడు, మళ్ళీ ఎవరింటి దగ్గర వాళ్ళని దింపుతాడు. ఏ పిల్లకు వాంతులవుతాయో, ఎవర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టాలో అన్నీ ఆయనకే తెలుసు. జీతం లేదు, భత్యం లేదు. రిటైరయ్యాక ఏం చేస్తావన్నయ్యా అని అడిగితే "వేన్ ఉంది కదా సెల్లెమ్మా" అన్నాడు ఒకసారి. ఇంకేమీ అక్కర్లేనట్టు అన్నాడు.

మాది సెకండ్ హ్యాండులో కొన్న చిన్న పెట్రోలు కారు. ఈ ఎండాకాలం దానికి తిక్క పట్టింది. స్టార్టయితే వణుకుతుంది, గేరు మారిస్తే తుమ్ముతుంది, గాజువాక సెంటర్లో నడిరోడ్డు మీద ఆగిపోయి బస్సులవాళ్ళ చేత తిట్టిస్తుంది. ఇంజన్లోకి పెట్రోలును పిచికారీ కొట్టే ఇంజెక్టర్లు పాడయ్యాయని మా ఆయన తేల్చేశాడు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి మహాప్రభో అన్నాను. నన్ను ఎలా చూశాడంటే, నేనేదో ఆయన్ని కడుపు నొప్పికి భూతవైద్యుడి దగ్గరకు వెళ్ళమన్నట్టు చూశాడు.

"నా ఇంట్లో కారుకి ఇంకోడు సెయ్యెడతాడేటి?" అన్నాడు. వన్ టౌన్ వెళ్ళి కొత్త ఇంజెక్టర్లు నాలుగూ తెచ్చాడు. ఫోన్లో ఎవరో తమిళాయన చేసి చూపించిన వీడియో చూస్తూ అన్నం తిన్నాడు, చూస్తూ కాఫీ తాగాడు. తమిళం ముక్క రాదు, అయినా మధ్యమధ్యలో "తప్పు సేత్తన్నావురా" అని ఆ తమిళాయన్ని కూడా తిట్టాడు.

వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే మా క్వార్టరు ముందు వేపచెట్టు నీడలో కారు పెట్టి బానెట్ ఎత్తాడు. సాయానికి అన్నయ్య వచ్చాడు. ముందు పెట్రోలు పంపే మోటారు ఫ్యూజు పీకి, ఇంజను తిప్పి, గొట్టాల్లో మిగిలిన పెట్రోలు ఖాళీ అయ్యేలా చేశారు. తరవాత బ్యాటరీ తీగ తీశారు. నాలుగు ఇంజెక్టర్లకూ పెట్రోలు పంచే గొట్టం ఒకటుంటుంది, దాన్ని రైలు అంటారట. "ఆ రైలు ఎప్పుడు దిగుతుందండీ, ఉప్మా చల్లారిపోతోంది" అన్నాను. అన్నయ్య నవ్వాడు. మా ఆయనకు పని దగ్గర నవ్వు రాదు.

పాత ఇంజెక్టర్లు ఊడదీసి, కొత్తవి పెట్టేటప్పుడు ఇద్దరికీ ఏదో చిన్న వాదన జరిగింది. నేను వంటింటి కిటికీలోంచి విన్నాను.

"పేకెట్లో వచ్చినయ్యే ఎయ్యి బావా," అన్నాడు అన్నయ్య.

"ఇయ్యేటి, దారప్పోగుల్లాగున్నాయి. ఇయి సూడు, ఎంత మందంగున్నాయో. మనవి."

"మనవే గానీ బావా, ఇయి నీళ్ళ పంపుకి..."

"ఒరే, నాను ఎన్నేళ్ళ నుంచి రింగులు మారుత్తన్నానో నీకు తెల్దేటి? పట్టుకో అటు."

నాకు రింగులేమిటో, పంపేమిటో అర్థం కాలేదు. మగాళ్ళ గోల అనుకుని పోపు వేసుకున్నాను. ఇంజెక్టర్లలో మూడింటిని మా ఆయన బిగించాడు. చివరిది సందులో ఉంది. ఆయన వేళ్ళు లావు, పట్టలేదు. అన్నయ్య చెయ్యి దూర్చి, కాస్త ఇంజనాయిల్ రాసి, నిటారుగా నొక్కి కూర్చోబెట్టాడు. తాళం తిప్పగానే కారు ఒక్క దెబ్బకు స్టార్టయింది. వణుకు లేదు, తుమ్ము లేదు. లైనంతా బయటికొచ్చి చూసింది. మా ఆయన చేతులు తుడుచుకుంటూ ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. ఆ నిలబడటం చూస్తే నాకు ముద్దొచ్చింది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

కొన్ని రోజులు బాగానే తిరిగింది. ఆ తరవాత సబ్బవరంలో మా ఆడపడుచు సత్యశ్రీ కొత్తిల్లు గృహప్రవేశం వచ్చింది. మేమిద్దరం ముందు, అన్నయ్యా వదినా వెనక, నలుగురం బయల్దేరాం. అగనంపూడి దాటాక ఏదో వాసన. నేను లారీలది అనుకున్నాను. వెనక సీట్లోంచి అన్నయ్య "బావా, పక్కకి తియ్యి. ఇంజన్ ఆపీ. అందరూ దిగండి, దిగండి!" అని అరిచాడు. అన్నయ్య అరవడం నేను అదే మొదటిసారి వినడం. మమ్మల్ని దూరంగా నిలబెట్టి, ఆయనే బానెట్ ఎత్తాడు. ఇంజను పైభాగమంతా పెట్రోలుతో తడిసిపోయి ఉంది. ఇంకాస్త దూరం వెళ్ళుంటే నలుగురం అందులోనే కాలిపోయేవాళ్ళం. వదిన రోడ్డు పక్కనే కూలబడి ప్రార్థన మొదలుపెట్టింది.

కారును అక్కడే వదిలి ఆటోలో సబ్బవరం చేరాం. పాలు పొంగించడం అయిపోయింది, భోజనాల దగ్గరికి చేరాం. ప్లాంటు వాళ్ళు చాలామందే వచ్చారు. మా ఆయన పక్కన హెన్రీగారు కూర్చున్నారు. ఆయన పంపుహౌస్ ఫోర్‌మన్, అన్నయ్య వాళ్ళ చర్చిలో పెద్ద కూడా.

"ఏటి భీమశంకర్, లేటైంది?" అన్నారాయన.

మా ఆయన జరిగింది చెప్పాడు. చెప్తున్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు ఆపి విన్నారు. ఎవరో "అదేటి బావా, నువ్వు సేసిన పనిలోనా?" అన్నారు. ఆ మాటకు ఈయన ముఖం ఎర్రబడింది. నేను చూస్తూనే ఉన్నాను.

"నాను ఏసినయ్యి బానే ఉన్నాయి. ఒకటి మా జాన్‌బాబు బిగించాడు, ఆ సివరిది. సెయ్యి వణికిందో ఏటో, సరిగ్గా కూకోనట్టుంది."

ఎవరు అడిగితే వాళ్ళకు అదే చెప్పాడు. చెప్పినకొద్దీ గొంతులో నమ్మకం పెరిగింది. ఎదుటి వరసలో అన్నయ్య ఒకసారి తలెత్తి చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. పప్పు కలుపుకున్నాడు. పక్కనున్న వదిన మాత్రం ఊరుకోలేదు.

"సూసుకోవక్కర్లేదేటి? భీమశంకరన్నయ్య ఎంత నమ్మి ఇచ్చాడు నీకు! నలుగురి పేణాలు తీసీవోడివి కదయ్యా!" అంది, అంతమందిలోనూ.

అన్నయ్య ముద్ద మింగి "సర్లే" అన్నాడు. హెన్రీగారు ఆయన వైపు అదోలా చూసి మజ్జిగ పోయించుకున్నారు. నేనూ నమ్మాను. ఎందుకు నమ్మను? యంత్రాల విషయంలో మా ఆయన మాటంటే మా కాలనీలో అచ్చువేసిన మాట.

మర్నాడు కారును తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మా ఆయన ఒక్కడే కూర్చుని మళ్ళీ ఊడదీశాడు. నేను టీ గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి పాత చీరముక్క మీద ఇంజెక్టర్లు నాలుగూ వరుసగా పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదాని మెడకూ ఉండే నల్ల రబ్బరు రింగు, రాత్రంతా నానిన శనగలా ఉబ్బి, మెత్తబడి, గాడిలోంచి బయటికొచ్చేసింది. ఒక్క చివరిది కాదు. నాలుగూ.

"ఏటండీ ఇవి?"

"ఏం లేదు. లోపలికెల్లు."

లోపలికి వెళ్ళమంటే వెళ్ళే రకాన్ని కాదు నేను. అక్కడే కూర్చున్నాను. పనిముట్ల పెట్టెలో ప్లాస్టిక్ కవరు కనపడింది. అందులో సన్నటి రింగులు, విప్పకుండా అలాగే ఉన్నాయి. వన్ టౌన్‌లో ఇంజెక్టర్లతోపాటు ఇచ్చినవి. కిటికీలోంచి విన్న వాదన అప్పుడు అర్థమయింది. అడిగాను. మొదట కసిరాడు, తరవాత గొణిగాడు, ఆఖరికి చెప్పాడు. పంపుహౌస్‌లో చన్నీళ్ళ లైనుకు వాడే రబ్బరట అది. నీళ్ళలో ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. పెట్రోలు తగిలితే మాత్రం తాగేసి ఉబ్బిపోతుందట.

"అన్నయ్య వద్దన్నాడు కదా?"

"అన్నాడు."

"మరి నిన్న అంతమందిలో ఆయన పేరు సెప్పారేటి?"

"నోరు జారిందే."

"నోరు జారితే ఒక్క మాట జారుతుంది. తమరు అడిగినోడికల్లా సెప్పారు. ఇప్పుడు ఎల్లి సెప్పండి మరి, తప్పు నాదని."

రింగులను చీరముక్కలో మూటగట్టి చెత్తబుట్టలో అడుగుకు తోసేశాడు. చేసిన తప్పును దాచుకునే పిల్లాడి పని అది. ఈ మనిషినా నేను ఇన్నాళ్ళూ లైనంతటికీ గొప్పగా చెప్పుకున్నది అనిపించింది. సిగ్గుతో నా ముఖం వేడెక్కింది.

ప్యాకెట్లో రింగులు వేశాక కారు బాగైపోయింది. అసలు సిగ్గు అప్పుడు మొదలైంది. "జాన్‌బాబు పాడు సేసిందాన్ని బావ సరిసేసీసాడు" అని కాలనీలో పేరొచ్చింది. పాలకు వెళ్తే అదే మాట, కూరగాయల దగ్గర అదే మాట. "మీ ఆయన దేవుడమ్మా" అంది ఒకావిడ. నేను వంకాయలు ఏరుతున్నట్టు తల వంచుకున్నాను. ఈయన ఆ పొగడ్తలకు ఔననడు, కాదనడు. ఇంటికొచ్చి ముభావంగా పడుకుంటాడు. నన్ను చూస్తే ఏదో ఒక పనుందని వరండాలోకి పోతాడు.

ఒక సాయంత్రం కేథరిన్ వదిన వచ్చింది. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, ఫ్యాను కింద కూర్చుని. వదిన ముఖం పీక్కుపోయి ఉంది.

"సర్చి వేన్ తీసీసుకున్నారు వదినా. హెన్రీగారు ఇంటికొచ్చి తాళం అడిగారు. పిల్లలెక్కే బండి కదా, ఎవరికైనా భయముంటాది. ఎవుడో జీతం డ్రైవర్ని ఎట్టారు."

టీ గ్లాసు వదిన చేతిలో పెట్టాను. మా ఆయన కదల్లేదు.

"నాకూ భయంగానే ఉంది," అంది వదిన. "గేస్ సిలిండర్ మార్సనివ్వటంలేదు నాను. సిలిండరబ్బాయినే పిలిసి ఎట్టించుకుంటన్నాను. ఆ మనిసి పక్కన నిలబడి సూత్తాడు. ఏటీ అనడు. ఆదివారం పొద్దున్నే లేసి గేటు దగ్గర నిలబడతాడు, వేన్ ఎల్తంటే సూత్తాడు. పిల్లలు సెయ్యి ఊపుతారు." కళ్ళు తుడుచుకుని మా ఆయన వైపు తిరిగింది. "అయినా నువ్వు సెప్పబట్టి తెలిసింది అన్నయ్యా. లేకపోతే ఆ పిల్లలకేటైపోయేదో. నీకు పున్నెముంటాది."

ఆ మాట విన్నప్పుడు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. మా ఆయన నా వైపు చూశాడు. నోరు తెరవద్దని ఆ కళ్ళు బతిమాలాయి. నేను తెరవలేదు. నేను చెప్తే పెళ్ళాం బయటపెట్టినట్టవుతుంది, ఆయన చెప్పినట్టు కాదు. చెప్పాల్సినవాడు నా ఎదురుగా బండరాయిలా కూర్చున్నాడు. వదిన టీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్ళిపోయింది.

ఆవిడ గేటు దాటగానే నేను విరుచుకుపడ్డాను.

"సిగ్గు లేదేటండీ మీకు? మీ సెల్లెమ్మ మొగుణ్ణి గేస్ బండ ముట్టనివ్వటంలేదు, మీకు పున్నెమంట! ఆ అన్నం ఎలగ దిగుతంది గొంతులోకి?"

"ఏటి సెయ్యమంటావే? రింగులు ప్లాంట్లోవని తెలిత్తే? రిటైర్మెంటుకి దగ్గరికొచ్చీసాను."

"జేబులో ఏసుకున్నప్పుడు గుర్తుకు రాలేదేటి రిటైర్మెంటు?"

ఆ రాత్రి ఆయన తినలేదు. నేను బతిమాలలేదు. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేటప్పటికి ముఖం కాస్త తేటగా ఉంది. చెప్పులు విప్పుతూనే "జాన్‌బాబుతో మాటాడాను" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"ఏమన్నాడు?"

"అందరికీ సెప్పీత్తాను బావా అన్నాను. వద్దన్నాడు. రింగుల సంగతి బయటకొత్తే నీకే సుట్టుకుంటాది, ఒగ్గీ బావా, వేన్ పోతే పోయింది అన్నాడు." ఆ తరవాత నెమ్మదిగా, "ఆడే ఒగ్గీమన్నాక ఇంకేటి?" అన్నాడు.

ఆ నిమిషంలో నాకొచ్చినంత కోపం ఈ సంసారంలో ఎప్పుడూ రాలేదు. అంటే అన్నయ్యకు మొదటినుంచీ అంతా తెలుసు. ఆ రోజు విస్తరి ముందు కూర్చుని, ఒక్క ముక్క అంటే చాలు, తన పరువు దక్కేది. పెళ్ళాం చేత అంతమందిలో తిట్లు తిన్నాడు, వేన్ పోగొట్టుకున్నాడు, ఇంట్లో తన చేతికే విలువ లేకుండా పోయింది. అన్నీ ఈ మనిషి కోసం. ఈ మనిషేమో చెప్పులు విప్పుకుంటూ తేలికపడుతున్నాడు!

"అన్నయ్య ఒగ్గీమన్నాడని మీరు ఒగ్గేత్తారా? ఆయన పెద్దమనిసి, ఒగ్గీమంటాడు. మీరేటి?" అన్నాను. అరవలేదు. అరిచే ఓపిక కూడా పోయింది. "నాకు మీ పక్కన నడవాలంటే సిగ్గేత్తంది. ఇంక మీ ఇష్టం."

ఆయన వరండాలోకి పోయి స్పానర్లు తుడిచాడు. చీకటి పడుతుండగా లోపలికొచ్చి అడిగాడు. "ఆల్ల సర్చిలో ఆదివారం అందరూ లేసి ఏదో సెప్తారు కదా. అదేటంటారు?"

"సాక్ష్యం."

"మనలాటోల్లు సెప్పొచ్చేటి?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఆదివారం ఆయన పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. స్కూటరు మీద వెళ్ళాం. కారు తీయడానికి మనసొప్పలేదనుకుంటాను. బయట చెప్పులు విడిచి, నేను కొంగు తలమీదికి లాక్కుని ఆడవాళ్ళ వైపు చాపమీద కూర్చున్నాను. వదిన ఆశ్చర్యపోయి, సంబరపడి, జరిగి చోటిచ్చింది. తన పాటల పుస్తకం ఇద్దరికీ మధ్య తెరిచి పట్టుకుంది. మగవాళ్ళ వైపు వెనక వరసలో అన్నయ్య. మా ఆయన్ని చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

పాటలయ్యాయి. సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒకావిడ కొడుక్కి జ్వరం తగ్గిందని చెప్పింది. ఇంకొకాయన ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. ప్రతిదానికీ అందరూ స్తోత్రం అన్నారు. ఇంకెవరైనా ఉన్నారా అన్నారు పాస్టరు అయ్యగారు. మా ఆయన లేచాడు.

"అందరికీ నమస్కారమండి... వందనాలండి. నాను జాన్‌బాబుతో పని సేత్తాను. భీమశంకర్రావంటారు. మా కారులో పెట్రోలు కారింది జాన్‌బాబు వల్లని నాను సెప్పాను. మీరందరూ ఇన్నారు. అది అబద్ధం."

ఎక్కడో వెనకనుంచి ఒక ముసలావిడ అలవాటుగా "స్తోత్రం" అంది. ఒక పిల్ల కిసుక్కుమంది. మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఇంక కూర్చుంటాడేమోనని భయపడ్డాను. కూర్చోలేదు.

"జాన్‌బాబు పెట్టింది సరిగ్గానే ఉంది. తప్పు రింగులది. ఆ రింగులు నాను ప్లాంట్లోంచి జేబులో ఏసుకొచ్చినయ్యి. నీళ్ళ పంపుయ్యి. ఆడు వద్దనే అన్నాడు. నానే ఇన్లేదు. మర్నాడే నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా నోరు మూసుకున్నాను. ఆడి వేన్ పోయింది. అప్పుడూ మూసుకున్నాను."

జేబులో వేసుకొచ్చాననే మాట దగ్గర, చర్చిలో ఉన్న ప్లాంటు వాళ్ళు చాలామంది, హెన్రీగారితో సహా, చాపల వైపు చూశారు. మిగతావాళ్ళు సాక్ష్యం ఎలా ముగిస్తారో ఆయనకు తెలియదు. ఏం చేయాలో తోచక అలాగే నిలబడ్డాడు. "కూర్చోండి బాబూ" అన్నారు అయ్యగారు మెల్లగా. నా పక్కన పాటల పుస్తకం మూసుకున్న చప్పుడు వినపడింది. వదిన దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎదరకు చూస్తోంది.

ప్రార్థనయ్యాక బయట అందరూ గుమిగూడారు. హెన్రీగారు అన్నయ్య దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి "వచ్చే ఆదివారం నుంచి వేన్ నువ్వే తియ్యి జాన్‌బాబూ" అన్నారు. అన్నయ్య "అలాగేనండి" అన్నాడు. మా ఆయన వైపు చూసి "ఎందుకు బావా ఇదంతా" అన్నాడు. అప్పటికి వదిన వచ్చి ఆయన ముందు నిలబడింది.

"నీకు ముందే తెలుసా? ఆ రోజు బోజనాల కాడే తెలుసా?"

అన్నయ్య ఒప్పుకున్నాడు.

"నాను అన్నన్ని మాటలంటంటే ఊరుకున్నావేటి? ఊరోల్లకి సెప్పకపోతే సెప్పకపోయావు. నాకు సెప్పకూడదా?"

"సెప్తే..." అన్నయ్య చెప్పులు వేసుకుంటున్న మా ఆయన వైపు చూసి గొంతు తగ్గించాడు. అయినా వినపడింది. "సెప్తే నీకు బావంటే గౌరవం పోద్దని."

మా ఆయన ఒక చెప్పు వేసుకుని రెండోది వేసుకోకుండా ఉండిపోయాడు. వదిన నా వైపు తిరిగింది. "ఆ రోజు నాను మీ ఇంటికొచ్చి దండాలెట్టినప్పుడు నీకూ తెలుసు కదా వదినా" అంది. తలూపాను. అంతకంటే ఏం చేయగలను? ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది, చుట్టూ జనం.

మా ఆయన దగ్గరికొచ్చాడు. చేతులు జోడించాడు. "సెల్లెమ్మా, నాను..."

కేథరిన్ తిట్టలేదు. తిట్టుంటే ఎంతో బాగుండేది. కొంగు సరిచేసుకుని, ఇంటికొచ్చిన కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు, చాలా మర్యాదగా అంది.

"ఎండెక్కిపోతంది. జాగ్రత్తగా ఎల్లిరండి, భీమశంకర్రావు గారూ."

స్కూటరు మీద ఇంటికి బయల్దేరాం. మా సెక్టారు మలుపు ఇంకా రాకముందే ఆయన బండి పక్కకు ఆపాడు. ఏదైనా చెడిందేమో అనుకున్నాను.

"సెల్లెమ్మ నన్ను గారూ అంది కుసుమా."

"విన్నాను."

"ఎప్పుడూ అన్లేదు."

"అన్లేదు."

హెల్మెట్ తియ్యకుండానే ఏడ్చాడు. నేను వెనక సీట్లో అలాగే కూర్చున్నాను.